అంకె వచ్చాక కాస్త ఆగండి

రాత్రి పదకొండు గంటలకు ఫోనుకు మెసేజి వస్తుంది: డ్రై రన్, మోటారు ఆగింది. బోరులో నీళ్లు అయిపోయాయన్నమాట. తమిళనాడులోని కారిమంగళం చుట్టుపక్కల పొలం ఉన్న మనిషికి నిద్ర ఎగిరిపోవడానికి ఈ రెండు ముక్కలు చాలు. ఇంకో వంద అడుగులు దించాలా, పక్కన కొత్త బోరు వేయాలా, అప్పు ఎవరిని అడగాలి? తెల్లారేదాకా ఇదే లెక్క. పొద్దున వెళ్లి మోటారు వేస్తే నీళ్లు మామూలుగానే పోస్తాయి.

మన చుట్టూ కొలిచే వస్తువులు పెరిగిపోయాయి. పొలంలో స్టార్టరు డబ్బా, వంటింట్లో నీళ్ల మెషీను, చేతికి వాచీ, అలమరలో కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు. అన్నీ అంకెలు చూపిస్తాయి, కొన్ని ఫోనుకు కబురు కూడా పెడతాయి. వాటిని ఎలా బిగించాలో షాపువాడు చూపిస్తాడు గానీ ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడు. పరికరం ఒకదాన్ని కొలిచి, దాన్నిబట్టి ఇంకొకదాన్ని చెబుతుంది. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో తెలిసిన మనిషి పరికరాన్ని వాడుకుంటాడు. తెలియని మనిషిని పరికరమే ఆడిస్తుంది. ఈ అధ్యాయంలో ఆ దూరం కొలవడం నేర్చుకుందాం. ఉదాహరణకు పెద్ద ఫ్యాక్టరీలు అక్కర్లేదు, బోరు దగ్గరి డబ్బా చాలు.

డబ్బాకు నీళ్లు కనిపించవు

ధర్మపురి నుంచి కృష్ణగిరి వెళ్లే హైవే మీద వచ్చే ఊరు కారిమంగళం. మంగళవారం సంతకు ఎడ్లు, మేకలు, కొబ్బరికాయలు చుట్టుపక్కల నుంచి దిగుతాయి. ఈ రెండు జిల్లాల్లోనూ తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. కృష్ణగిరి కూడా 2004 దాకా ధర్మపురి జిల్లాలోదే. వానలు అంతంతమాత్రం, నేల కింద రాయి, సేద్యమంతా బోర్ల మీదే. తమిళనాడులో 1990 నుంచి రైతులందరికీ వ్యవసాయ కరెంటు ఉచితం. కాబట్టి ఇక్కడి రైతుకు కరెంటు బిల్లు భయం లేదు. భయమంతా కాయిలు కాలిపోతుందనే. సబ్‌మెర్సిబుల్ మోటారు చల్లబడేది చుట్టూ ఉన్న నీటితోనే. నీళ్లు లేకుండా తిరిగితే వేడెక్కి వైండింగు మాడిపోతుంది. పైపులన్నీ పైకి లాగించాలి, రీవైండింగుకు ఇవ్వాలి, మళ్లీ దించాలి. ఆ లోపల టమాటా తోట బెట్టకు వస్తుంది.

ఇక రాత్రి కరెంటు గోల ఉండనే ఉంది. త్రీ ఫేజ్ ఎప్పుడు వస్తే అప్పుడు టార్చి పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేయాలి. పాములు, తేళ్లు, తడి చేతులతో ముట్టుకోవాల్సిన స్విచ్చులు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ తయారు చేసింది ఈ నడక తప్పించడానికే. ఫోను నుంచే మోటారు వేసి ఆపే పరికరం అది. బెంగళూరులో విన్‌ఫినెట్ సంస్థ ‘కిసాన్ రాజా’ తెచ్చింది. ఇప్పుడు ఏ ఊరి ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇలాంటివి నాలుగు రకాలు చూపిస్తారు. తమిళనాడు వ్యవసాయ ఇంజినీరింగ్ శాఖ వీటికి సబ్సిడీ కూడా ఇస్తోంది.

డబ్బా మూత తీస్తే లోపల ఏముంటుందో చూడండి (మెయిన్ ఆపించాకే, అది 415 ఓల్టుల లైను). మోటారుకు వెళ్లే ఫేజు వైరు ఒక చిన్న నల్లటి కడియంలోంచి దూరి వెళ్తుంది. వైరుకూ కడియానికీ అతుకు ఉండదు. వైరులో కరెంటు పారుతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, దానివల్ల కడియం మీది చుట్టలో సన్నటి కరెంటు వస్తుంది. డబ్బాలోని చిప్పు సెకనుకు వందలసార్లు దాన్ని చూసి, లెక్కకట్టి, మోటారు ఇన్ని ఆంప్స్ తీసుకుంటోందని తేలుస్తుంది. డబ్బాకున్న జ్ఞానమంతా ఇంతే. బోరులో ఎన్ని నీళ్లున్నాయో దానికి తెలియదు, అసలు నీళ్లంటే ఏమిటో కూడా తెలియదు.

మరి ‘డ్రై రన్’ అని ఎలా చెబుతోంది? పంపు నీళ్లు ఎత్తుతున్నంతసేపూ మోటారు మీద బరువు ఉంటుంది. 5 హెచ్‌పీ మోటారు నిండుగా పోస్తున్నప్పుడు సుమారు ఏడెనిమిది ఆంప్స్ తీసుకుంటుంది. నీళ్లు తగ్గి గాలి పట్టిందంటే బరువు తగ్గి ఆంప్స్ పడిపోతాయి. అందుకని ఫలానా ఆంప్స్ కంటే తగ్గితే నీళ్లు లేనట్టే అని ముందే ఒక హద్దు పెట్టి ఉంచుతారు. ఊహ మంచిదే, చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ ఆంప్స్ తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది.

రాత్రి త్రీ ఫేజ్ రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ఓల్టేజి కుంగుతుంది. తర్వాత ఒక్కొక్కరి బోరూ అడుగంటి, ఒక్కొక్క మోటారే ఆగేకొద్దీ లైనులో ఓల్టేజి పెరుగుతుంది. అది పెరిగేకొద్దీ, నీళ్లు అంతే పోస్తున్నా, మీ మోటారు తీసుకునే ఆంప్స్ కొంత తగ్గుతాయి. పగలు, ఓల్టేజి తక్కువగా ఉన్నప్పుడు మెకానిక్ వచ్చి హద్దును బిర్రుగా బిగించి వెళ్లాడనుకోండి. రాత్రి ఆ కాస్త తగ్గుదలకే డబ్బా ఉలిక్కిపడుతుంది. పదకొండు గంటల మెసేజి కథ చాలాచోట్ల ఇదే.

ఇలాంటప్పుడు మెకానిక్ షాపుల్లో నడిచే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి.

“ఏమప్పా, నిన్న రాత్రి మళ్లా ఆగిపోయె. బోరు పాయెనా ఏంది?”

“పొద్దున పోసిందా అన్నా?”

“బాగానే పోసింది.”

“రాత్రి ఓల్టేజి ఎంత చూపిచ్చింది?”

“అదెవరు చూస్తారు?”

చూడాల్సింది అదే. వారం రోజులు చిన్న నోటుబుక్కు పెట్టండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి కరెంటు వచ్చిన గంటకు ఒకసారి, ఓల్టేజి ఎంత, ఆంప్స్ ఎంత, పైపు నిండుగా పోస్తోందా లేదా అన్నది రాయండి. నిండుగా పోస్తున్నప్పుడు కనిపించిన అన్నిటికన్నా తక్కువ ఆంప్స్ ఏదో దొరుకుతుంది. గాలి పట్టినప్పుడు ఎంతకు దిగిందో ఒక్కసారైనా చూసి ఉంటారు. హద్దు ఆ రెంటి మధ్య ఉండాలి. పక్కింటి రైతు డబ్బాలో ఉన్న అంకె మీకు పనికిరాదు. ఆయన బోరు లోతు వేరు, పంపు వేరు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం వేరు. కొన్ని డబ్బాలు ఆంప్స్ ఒక్కటే కాక ఓల్టేజిని కూడా కలిపి, మోటారు నిజంగా లాగుతున్న పవరెంతో లెక్కకడతాయి. అవి ఇంత తేలిగ్గా మోసపోవు.

ఆగడం కూడా లెక్కలో భాగమే

మోటారు స్విచ్చి వేసిన మొదటి క్షణాల్లో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. డబ్బా ఆ మొదటి అంకెనే నమ్మితే ఓవర్‌లోడు అని వెంటనే ఆపేస్తుంది, మోటారు ఎప్పటికీ లేవదు. అందుకే కొద్ది సెకన్లు వచ్చింది రానీ అని ఊరుకునేలా దాన్ని తయారు చేస్తారు. పైపులో నీళ్లు పైకి చేరేదాకా డ్రై రన్ సంగతి కూడా పట్టించుకోదు. సిగ్నల్ ప్రాసెసింగ్ అనగానే లావుపాటి పుస్తకాలు గుర్తొస్తాయి గానీ, అందులో సగం ఇదే: ఏ అంకెను పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి, ఎంతసేపు ఆగి తేల్చాలి.

ఏది వదిలేయాలో తేల్చడంలో ఒక తెలుగువాడి పేరు ప్రపంచమంతా తెలుసు. కమిశెట్టి రామమోహనరావు, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసరు. నసీర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి 1974లో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ ప్రకటించారు. ఫొటోలో కంటికి ఆనని వివరాలను విడదీసి వదిలేయడానికి దారి చూపిన లెక్క అది. మీరు టమాటా ఆకు మచ్చ ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపితే, ఆ జేపీఈజీ ఫైలు అంత చిన్నగా ఉండటానికి కారణం ఆ లెక్కే. రావుగారు 2021లో కన్నుమూశారు. మన పత్రికలు ఆయన గురించి రాయాల్సినంత రాయలేదని నాకు అనిపిస్తుంది.

వదిలేయడంలో ప్రమాదమూ ఉంది. పది నిమిషాల సగటు తీసే పరికరం ఒక్క నిమిషం ఫేజు పోయిన సంగతిని మింగేస్తుంది. ఆ ఒక్క నిమిషంలో మిగిలిన రెండు ఫేజుల మీద భారం పడి కాయిలు వేడెక్కుతుంది. కాబట్టి ఫేజు పోతే తక్షణం ఆపాలి, నీళ్లు తగ్గాయన్న అనుమానానికి కాసేపు ఆగి చూడాలి. ఒకే డబ్బాలో రెండు రకాల ఓపిక కావాలి. మెకానిక్‌ను ఈ రెండు టైములూ విడివిడిగా అడగండి.

డ్రై రన్‌లో ఆగిన మోటారు మళ్లీ ఎప్పుడు లేవాలన్నది మూడో టైము. తొందరపడి ఐదు నిమిషాలు పెట్టుకునేవాళ్లున్నారు. బోరులో నీళ్లు ఊరకముందే మోటారు లేస్తుంది, నిమిషంలో ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఆ ఐదారు రెట్ల కరెంటు దెబ్బ. కాపాడటానికి పెట్టిన డబ్బాయే మోటారును కాలుస్తుంది. మీ బోరు ఊరడానికి ఎంతసేపు పడుతుందో ఒకరోజు ఓపిగ్గా చూసుకుని, దానికి కాస్త కలిపి పెట్టండి.

ఇంటి మీది నీళ్ల ట్యాంకులో ఈ సూత్రం కళ్లకు కనిపిస్తుంది. అందులో రెండు కడ్డీలు వేలాడతాయి, పైన ఒకటి, కింద ఒకటి. నీళ్లు కింది కడ్డీకి దిగితే మోటారు లేస్తుంది, పై కడ్డీకి చేరితేనే ఆగుతుంది. ఒక్క కడ్డీయే పెడితే నీళ్లు అలలాడినప్పుడల్లా మోటారు లేస్తూ పడుతూ ఉంటుంది. మీ నిర్ణయాలకూ ఇలా రెండు గీతలు పెట్టుకోండి. ధర ఇంతకు చేరితే అమ్ముతాను, ఇంతకు పడితేనే ఆపుతాను అని ముందే రాసుకున్న రైతు, ఫోనులో ధర కదిలినప్పుడల్లా మనసు మార్చుకోడు.

ఎంత తరచుగా చూడాలి అన్నదీ తేల్చుకోవాలి. హ్యారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో స్థిరపరచిన సూత్రం ఒకటుంది: ఒక విషయం ఎంత వేగంగా మారుతుందో, దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంగా దాన్ని చూస్తూ ఉండాలి. లేకపోతే లేని ఆకారం కనిపిస్తుంది. మంగళవారం మాత్రమే కారిమంగళం వచ్చే మనిషి, ఈ ఊళ్లో మనుషుల కంటే ఎడ్లే ఎక్కువని ఒట్టేసి చెబుతాడు. ఓల్టేజి క్షణాల్లో మారుతుంది, డబ్బా ఎప్పుడూ చూస్తూనే ఉండాలి. నేలలో తేమకు గంటకొకసారి చాలు. బోరులో నీటిమట్టం వారానికొకసారి కొలిచినా కథ తెలుస్తుంది. పదేపదే కొలిస్తే బ్యాటరీ తరిగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆకుపచ్చ లైటు, పచ్చబడిన పళ్లు

ఇప్పుడు నేను ముఖ్యమనుకునే విషయానికి వస్తాను.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉంది. హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చి రెండు జిల్లాలకూ ఇవ్వడానికి జపాన్ రుణసాయంతో పెద్ద పథకమే కట్టారు. 2013లో దాన్ని ప్రారంభించారు. దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అని ఉంది. తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నల్గొండ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి చోట జనం జేబులో పెట్టుకు తిరిగే పరికరం టీడీఎస్ పెన్ను. ముంచితే 420 అని చూపిస్తుంది. 500 లోపల ఉంటే మంచి నీళ్లే అని షాపువాడు చెప్పి ఉంటాడు. కొత్తరకం వాటర్ ప్యూరిఫైయర్లు అదే అంకెను ఫోనులో ఆకుపచ్చ రంగులో చూపిస్తాయి. ఇంట్లోవాళ్లు నిశ్చింతగా తాగుతారు.

ఆ పెన్ను దేన్ని కొలుస్తోంది? దాని కొసన ఉన్న రెండు చిన్న లోహపు ముక్కల మధ్య నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో కొలుస్తోంది. ఉప్పులు ఎక్కువుంటే సులువుగా పారుతుంది. ఆ కొలతను ఒక గుణకంతో హెచ్చించి, లీటరులో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయని చెబుతుంది. అవి ఏ లవణాలో దానికి తెలియదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. 420లో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నా ఆ పెన్ను మీద తేడా కనిపించదు. అంకె మాత్రం 500 లోపలే. లైటు ఆకుపచ్చే. అదే నీళ్లు ఏళ్ల తరబడి తాగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి.

పెన్ను అబద్ధం చెప్పలేదు. మనం అడగని ప్రశ్నకు అది జవాబు ఇచ్చిందని అనుకున్నాం, అంతే. ఫ్లోరైడు తెలియాలంటే ఫ్లోరైడు పరీక్షే చేయించాలి. తమిళనాడులో నీటి సరఫరా బోర్డుకు జిల్లా ప్రయోగశాలలు ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ఉన్నాయి. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి. ఎండాకాలంలో బోరు అడుగంటినప్పుడు ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించడం మేలు. ఆర్వో మెషీను ఉన్నవాళ్లు దానిలోంచి వచ్చిన నీళ్లను కూడా విడిగా పరీక్షకు ఇవ్వండి.

నేల తేమ సెన్సర్ల గురించి క్లుప్తంగా. చవకగా దొరికే రెండు మేకుల రకం నెలల్లోనే తుప్పు పడుతుంది, దాని జోలికి పోకండి. కెపాసిటివ్ రకం మేలు. నీరు విద్యుత్ క్షేత్రానికి స్పందించే తీరు పొడి మట్టి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ తేడాతో పదును పసిగడుతుంది. కానీ గుచ్చిన చోట సన్నటి గాలి సందు ఉన్నా ఎండిపోయింది, ఎండిపోయింది అని మొత్తుకుంటుంది. మట్టిని బాగా అదిమి గుచ్చండి. డబ్బా మీద రాసిన శాతాలను నమ్మకుండా, మీ ఎర్రనేలలో పూర్తిగా ఎండినప్పుడు ఎంత చూపిందో, బాగా తడిపి ఒక రోజు ఆరనిచ్చాక ఎంత చూపిందో రాసుకోండి. ఆ రెండే మీ సొంత కొలబద్ద. ఆ తర్వాత కూడా గుప్పెడు మట్టి తీసి ముద్ద కట్టి చూసే అలవాటు మానకండి.

చేతి వాచీ కూడా ఇంతే

వాచీ వెనక ఆకుపచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది. చర్మం కింది రక్తం ఆ వెలుతురును పీల్చుకునే తీరులో తేడాలను బట్టి గుండె కొట్టుకోవడాన్ని లెక్కిస్తుంది. పట్టీ వదులైతే, చేయి ఊపితే ఆ లెక్క చెడుతుంది. ఆక్సీమీటరు ఎర్రకాంతిని, కంటికి కనపడని పరారుణ కాంతిని వేలిగుండా పంపుతుంది. జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి 1970ల్లో తెచ్చిన ఊహ అది. చలికి వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా అంకె తప్పవచ్చు. కరోనా రోజుల్లో ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో ఎంత హడావుడి జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవాళ్లలో అది నిజం కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని కూడా పరిశోధనల్లో తేలింది. అంటే అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. అప్పుడు మాత్రం ఆగడానికి వీల్లేదు.

బీపీ మెషీను విషయంలో వైద్యులు చెప్పే పద్ధతి బోరు డబ్బాకు కూడా పాఠమే: ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, సగటు తీయాలి. ఒక్కసారి చూసి మాత్ర వేసుకోవడం, ఒక్కసారి చూసి మాత్ర మానేయడం రెండూ తప్పే.

అందుకని ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో, పొలంలో మిమ్మల్ని ఎక్కువగా కంగారు పెట్టే పరికరం ఒకటి ఎంచుకోండి. అది నిజంగా కొలిచేది ఏమిటి, దాన్నిబట్టి మీకు చెబుతున్నది ఏమిటి, ఆ రెంటి మధ్య ఇంకేం దూరి చెడగొట్టగలదు అని కాగితం మీద రాయండి. తెలియకపోతే మెకానిక్‌నో డాక్టరునో అడగండి, అడగడానికి సిగ్గేముంది. అది పంపే కబుర్లలో వెంటనే లేవాల్సినవి ఏవి, పొద్దున చూసుకోవచ్చన్నవి ఏవి అని విడదీసి, రెండో రకానికి రాత్రిపూట ఫోను మోగకుండా చేసుకోండి.

కొత్తగా స్టార్టరు డబ్బా కొనేవాళ్లకు ఒక మాట. ముందు సిమ్ సంగతి కనుక్కోండి. చాలా డబ్బాలు టూజీ మీద నడుస్తాయి, ఫోర్‌జీ మాత్రమే ఉన్న కంపెనీ సిమ్ వాటిలో పనిచేయదు. సిగ్నలు ఇంటి దగ్గర కాదు, బోరు దగ్గర నిలబడి చూడండి. డబ్బా చెడినా మోటారు వేసుకోవడానికి చేతి స్విచ్చి విడిగా ఉంచమనండి. ఇక ఓల్టేజి, ఆంప్స్ పైకి చూపించకుండా ఉత్త లైట్లు మాత్రమే వెలిగించే డబ్బా, హద్దులు మీరు మార్చుకోవడానికి వీలివ్వని డబ్బా ఎంత చవకగా వచ్చినా కొనకండి.